ఉబ్బసానికి కొత్త మందు రావడానికి ఇంత ఆలస్యమా?

ప్రశ్న: మా అమ్మగారికి ఎన్నో ఏళ్లుగా ఉబ్బసం. ఇన్‌హేలర్ వాడుతున్నా తరచూ స్టిరాయిడ్ మాత్రలు వేసుకోవలసి వస్తోంది. కొత్త మందులకు ఇంత కాలం ఎందుకు పడుతుంది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మెపొలిజుమాబ్ అనే ఇంజెక్షన్ సంగతే చూడండి. శ్వాసనాళాల వాపుకు ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు కారణమని, వాటిని పెంచి పోషించేది ఇంటర్‌ల్యూకిన్-5 అనే ప్రోటీన్ అని గ్రహించిన శాస్త్రవేత్తలు, దానిని అడ్డుకునే ప్రతిరక్షకాన్ని తయారుచేశారు. రక్తంలో ఆ కణాలు తగ్గాయి గాని, తొలి పరీక్షల్లో రోగులకు చెప్పుకోదగ్గ ఉపశమనం కలగలేదు. అయితే ఉబ్బసం అందరిలో ఒకే జబ్బు కాదు. కఫాన్ని గాజు పలకపై పరచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కొందరిలో ఎర్రని రేణువులతో నిండిన ఆ కణాలు గుంపులుగా కనిపిస్తాయి. మరికొందరిలో దాదాపు ఉండవు. మొదటి రకం వారినే ఎంచుకొని జరిపిన పరీక్షల ఫలితాలు 2009లో వెలువడినప్పుడు, ఉబ్బసం ఉద్ధృతమయ్యే సందర్భాలు బాగా తగ్గినట్లు తేలింది. అమెరికాలో 2015లో అనుమతి లభించింది. తొలి వైఫల్యంతో దానిని వదిలేయకపోవడం ఎందరో రోగుల అదృష్టమని నేను నమ్ముతాను.

అమ్మగారిని ఊపిరితిత్తుల నిపుణులకు చూపించి, రక్తంలో ఇయోసినోఫిల్ సంఖ్య ఎంతుందో అడగండి. స్టిరాయిడ్ మాత్రలు ఆ సంఖ్యను తగ్గించి చూపుతాయి కాబట్టి, వాటిని ఎప్పుడెప్పుడు వాడారో తప్పక చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.