మర్ఫీ ఇంటిపేరు: అర్థమేంటి, ఐర్లండ్‌లో అంతమంది ఎందుకున్నారు?

మీ డబ్లిన్ టీమ్‌లో ముగ్గురు మర్ఫీలు ఉన్నారనీ, వాళ్ళు ఒకరికొకరు బంధువులా, అసలు ఆ పేరుకు అర్థమేంటి, అంతమందికి అదే పేరు ఎందుకుందనీ అడిగారు. నేను కార్క్ నగరంలో నర్సుగా పనిచేస్తున్నాను. మర్ఫీలకు పుట్టినిల్లు లాంటి ఊరు ఇది, కాబట్టి ఈ పేరుతో నాకు రోజూ పని ఉంటుంది. ముందు సూటిగా చెప్పేస్తాను: ఆ ముగ్గురూ బంధువులు కానక్కర్లేదు. వాళ్ళ వంశాల మూలపురుషులు కూడా వేర్వేరు మనుషులై ఉండొచ్చు.

మన ఇంటిపేర్లు చాలావరకు ఊరిని బట్టి వచ్చాయి. ఐర్లండ్‌లో మనిషిని బట్టి వచ్చాయి. అక్కడి పాత భాష గేలిక్‌లో ‘మాక్’ అంటే కొడుకు, ‘ఓ’ అంటే మనవడు, లేదా ఆ వంశంలో పుట్టినవాడు. ఒకప్పుడు ఇవి ఒక్క తరానికే చెల్లేవి. తండ్రి పేరు మారితే వెనకున్న పేరూ మారేది. పదో శతాబ్దం నుంచి అవి స్థిరపడి తరతరాలకూ కొనసాగడం మొదలైంది. 916లో చనిపోయిన ఓ క్లేరీ అనే పాలకుడి ప్రస్తావన పాత వార్షిక చరిత్రల్లో ఉంది. యూరప్‌లోనే బాగా పాతవైన వంశపారంపర్య ఇంటిపేర్లలో అదొకటి. బ్రయన్ బోరూ అనే రాజు ఆజ్ఞ ఇచ్చి ఇంటిపేర్లు పెట్టించాడని ఒక కథ చెబుతారు గానీ, ఆయన రాజు కాకముందే ఇవి ఉన్నాయి కాబట్టి ఆ కథను పట్టించుకోనక్కర్లేదు.

మర్ఫీ అసలు రూపం ఓ ముర్ఖదా, అంటే ముర్ఖద్ అనే ఆయన సంతతి. ‘ముయిర్’ అంటే సముద్రం, ‘కాహ్’ అంటే యుద్ధం. రెండూ కలిపి సముద్ర వీరుడు అని అర్థం చెబుతారు. చాలామంది ఇది విని, మా పూర్వీకులు నౌకా యోధులు అనుకుంటారు. అలా అనుకోవడానికి ఆధారం లేదు. ముర్ఖద్ అప్పట్లో మగపిల్లలకు మామూలుగా పెట్టుకునే పేరు, రాజకుటుంబాల్లోనూ చాలామందికి ఉండేది.

అంతమంది మర్ఫీలు ఉండటానికి అసలు కారణం ఇదే. పేరు అంత మామూలుది కాబట్టి ఒక్కో ప్రాంతంలో ఒక్కో ముర్ఖద్ పేరు మీద ఒక్కో వంశం మొదలైంది. ఆగ్నేయాన వెక్స్‌ఫర్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), బల్లాకీన్ వైపు తీరప్రాంతంలో ఒక పెద్ద వంశం ఉండేది. దక్షిణాన కార్క్‌లో, మాక్రూమ్ పట్టణం చుట్టూ ఉన్న మస్కెరీ ప్రాంతంలో ఇంకొకటి. రోస్‌కామన్‌లో మరొకటి. ఉత్తరాన టిరోన్, ఆర్మా వైపు వాళ్ళు ‘ఓ’ కాకుండా ‘మాక్’ పెట్టుకున్నారు, కానీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి వాళ్ళూ మర్ఫీలే అయ్యారు. కాబట్టి పేరు ఒక్కటే, వంశాలు మాత్రం వేరు.

ఐర్లండ్ చరిత్రను మలుపు తిప్పిన డెర్మట్ మాక్ మురో పేరులోనూ ఉన్నది ఈ ముర్ఖద్ పేరే. ఐర్లండ్ తూర్పు భాగమైన లెన్‌స్టర్‌కు రాజైన ఆయన 1166లో సింహాసనం పోగొట్టుకుని, సహాయం కోసం ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ దగ్గరికి వెళ్ళాడు. 1169లో ఆయనకు సాయంగా నార్మన్ సైనికులు (అప్పట్లో ఇంగ్లండ్‌ను ఏలుతున్న, ఫ్రాన్స్ నుంచి వచ్చిన వర్గం వాళ్ళు) వెక్స్‌ఫర్డ్ తీరాన దిగారు. మరుసటి ఏడాది డెర్మట్ తన కూతురు ఈఫాను నార్మన్ నాయకుడు స్ట్రాంగ్‌బోకిచ్చి వాటర్‌ఫర్డ్‌లో పెళ్ళి చేశాడు. ఐర్లండ్ మీద ఇంగ్లండ్ పెత్తనానికి బీజం అక్కడే పడింది. అదే వెక్స్‌ఫర్డ్ గడ్డ మీద 1798లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు లేచినప్పుడు బూలవోగ్‌లో జనాన్ని ముందుకు నడిపించింది ఫాదర్ జాన్ మర్ఫీ అనే చర్చి ఫాదర్. ఆయన్ని టల్లో పట్టణంలో ఉరితీశారు. వెక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇప్పటికీ ఆ పేరు ఎంతో గౌరవంగా తలుచుకుంటారు.

ఇక ఎంతమంది అన్న విషయం. 1890 నాటి జనన రికార్డుల లెక్క ఆధారంగా రాబర్ట్ మాథెసన్ అనే అధికారి ఒక నివేదిక తయారుచేశారు. దాని అంచనా ప్రకారం ఐర్లండ్‌లో మర్ఫీలు సుమారు 62,600 మంది. రెండో స్థానంలో ఉన్న కెల్లీలు 55,900. ఇప్పటికీ మొదటి స్థానం మర్ఫీదే. 1845 తర్వాతి మహా క్షామంలో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. కార్క్ పక్కనున్న కోవ్ రేవు అలా వెళ్ళినవాళ్ళకు పెద్ద ద్వారం. అమెరికాలో ఇప్పుడు మర్ఫీలు 3 లక్షల పైనే, అంటే ఐర్లండ్‌లో కంటే ఎన్నో రెట్లు. ‘తప్పు జరగడానికి వీలుంటే జరిగే తీరుతుంది’ అనే మర్ఫీ సూత్రానికి పేరిచ్చిన ఎడ్వర్డ్ మర్ఫీ కూడా అమెరికా వైమానిక దళం ఇంజనీరే. మన ఇళ్ళల్లో ఒకప్పుడు మోగిన మర్ఫీ రేడియో ఫ్రాంక్ మర్ఫీ 1929లో ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీది. ఇక మా కార్క్ మర్ఫీల్లో అందరికీ తెలిసినవాడు నటుడు కిలియన్ మర్ఫీ. 2024లో ఆయనకు ఆస్కార్ వచ్చిన రోజు మా వార్డులో పేషెంట్లు కూడా పండగ చేసుకున్నారు.

మా వార్డు సంగతి చెప్తాను, మీకు బాగా అర్థమవుతుంది. ఒకే రోజు ఇద్దరు ముగ్గురు మర్ఫీలు అడ్మిట్ అవడం మాకు మామూలే. ఇంటిపేరు ఒకటే అయిన పేషెంట్లు ఒకే వార్డులో ఉంటే ఫైలు మీద ‘నేమ్ అలర్ట్’ స్టిక్కర్ వేస్తాం. మందు ఇచ్చేముందు పేరు అడిగితే సరిపోదు. పుట్టిన తేదీ పేషెంట్ నోటితో చెప్పించుకుని, చేతికున్న బ్యాండ్ మీది నంబరు సరిచూసుకోవాలి. కొత్తగా చేరినప్పుడు జాన్ మర్ఫీలు ఇద్దరుంటే నాకు ఎంత టెన్షన్‌గా ఉండేదో!

ఊళ్ళల్లో మాత్రం జనం దీనికి ఎప్పుడో దారి కనిపెట్టుకున్నారు. మస్కెరీ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు వివరంగా చెప్పారు. వాళ్ళ పల్లెలో ఎవరినీ మర్ఫీ అని పిలవరట. తండ్రి, తాత పేర్లు తగిలించి ‘జాక్ డాన్’, ‘మైకీ పాట్’ అంటారు. లేదా కుటుంబానికి ఒక గుర్తు పెడతారు, ‘బాన్’ అంటే లేత రంగు జుట్టు వాళ్ళు, ‘రూఅ’ అంటే ఎర్రజుట్టు వాళ్ళు అని. ఆ జుట్టు రంగు ఎప్పుడో పోయినా గుర్తు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇంకో విషయం నాకు మా పాప స్కూల్లో తెలిసింది. గేలిక్‌లో ఒకే ఇంట్లో ఇంటిపేరు మూడు రకాలుగా ఉంటుంది. తండ్రి ఓ మురఖూ, కూతురు నీ వురఖూ, పెళ్ళితో ఆ ఇంటిపేరు తీసుకున్న తల్లి ఈ వురఖూ. మురఖూ అన్నది ముర్ఖదాకు ఇప్పటి రూపం. ‘నీ’ అంటే ఆ వంశపు ఆడపిల్ల, ‘ఈ’ అంటే ఆ ఇంటి కోడలు. ఆ పదాల తర్వాత ‘మ’ శబ్దం మెత్తబడి ‘వ’ అవుతుంది. ఇంగ్లీషు వాళ్ళ పాలనలో గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకోవడంతో ‘ఖ’ శబ్దం ‘ఫ’ అయింది, ముందున్న ‘ఓ’ ఊడిపోయింది. తర్వాత గేలిక్ పునరుద్ధరణ కాలంలో సల్లివన్‌లు, కానర్‌లు చాలామంది ‘ఓ’ తిరిగి పెట్టుకున్నారు. మర్ఫీలు పెట్టుకోలేదు. ఓ మర్ఫీ అనేవాళ్ళు ఇప్పటికీ చాలా అరుదు.

టూరిస్ట్ షాపుల్లో ‘మర్ఫీ వంశ చిహ్నం’ అని కప్పులు, కీచైన్లు అమ్ముతారు. మీ కొలీగ్‌కి గిఫ్ట్ ఇద్దామనుకుంటే ఇవ్వండి గానీ, అది వాళ్ళదే అనుకోవద్దు. అలాంటి చిహ్నం ఒక వ్యక్తికీ ఆయన వారసులకూ చెందుతుంది తప్ప, ఆ ఇంటిపేరున్న అందరికీ కాదు.

వాళ్ళు బంధువులో కాదో నిజంగా తెలుసుకోవాలంటే తాతలది ఏ కౌంటీ, ఏ చర్చి పరిధి, ఏ పల్లె అని అడగండి. పల్లె పేరు తెలిస్తే 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, ఇంట్లో ఎవరెవరున్నారో వాళ్ళ వయసులతో సహా ఉంటాయి. అంతకంటే వెనక్కి వెళ్ళడం కష్టం. పాత జనాభా లెక్కలు కొన్ని ప్రభుత్వమే నాశనం చేసింది, మిగిలినవి చాలావరకు 1922లో డబ్లిన్‌లో ప్రభుత్వ రికార్డులు దాచిన ఫోర్ కోర్ట్స్ భవనం తగలబడినప్పుడు పోయాయి. అందుకే అందరూ గ్రిఫిత్ పన్ను సర్వే (ఏ భూమి, ఏ ఇల్లు ఎవరి చేతిలో ఉందో 19వ శతాబ్దం మధ్యలో రాసిన లెక్క), చర్చి బాప్టిజం రిజిస్టర్ల మీద ఆధారపడతారు. ఒక్క మర్ఫీ అనే పేరుతో వెతికితే వందల పేజీలు వస్తాయి, కాబట్టి పల్లె పేరు కనుక్కున్నాకే మొదలుపెట్టండి.