ఇబిజాలో ఇప్పుడు పార్టీ ఎవరికి?

ప్రశ్న: వచ్చే వేసవిలో నేనూ నా ఫ్రెండ్సూ స్పెయిన్‌లోని ఇబిజా దీవికి వెళ్దామనుకుంటున్నాం. అక్కడ పార్టీల మీద బోలెడు రూల్స్ వచ్చాయని, పాత సందడి పోయిందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: సందడికేం లోటు లేదు, క్లబ్బులు మునుపటికంటే పెద్దవయ్యాయి. అందులోకి ఎవరు అడుగుపెట్టగలరన్నదే మారిపోయింది, నాకు బాధ కలిగించేదీ అదే. 1973లో పాచా క్లబ్ మొదలైంది, 1976లో ఒక పాత రైతు ఇంట్లో అమ్నీజియా క్లబ్ మొదలైంది. 1980లలో అర్జెంటీనా నుంచి వచ్చిన డీజే ఆల్ఫ్రెడో అక్కడ పైకప్పు లేని ఆవరణలో రాక్, రెగే, షికాగోలో పుట్టిన హౌస్ అనే డాన్స్ సంగీతం అన్నీ కలిపి తెల్లారేదాకా వాయించేవాడు. హిప్పీలు, కళాకారులు, డబ్బున్నవాళ్లు, హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లు అందరూ ఒకే ఫ్లోర్ మీద ఆడేవాళ్లు. 1987 వేసవిలో పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ రాంప్లింగ్ అనే బ్రిటిష్ డీజేలు ఆ సంగీతం విని, లండన్ వెళ్లి సొంత క్లబ్ నైట్లు మొదలుపెట్టారు. బ్రిటన్‌లో ఎసిడ్ హౌస్ అనే హౌస్ సంగీతపు రకం ఊపందుకున్నది అలాగే.

రూల్స్ కూడా ఇవాళ్టివి కావు. శబ్దం గోల ఎక్కువై 1990ల మొదట్లోనే క్లబ్బులు పైకప్పులు వేసుకోవాల్సి వచ్చింది.

అసలు మలుపు 2011లో వచ్చింది. ఉషువాయా హోటల్ తన స్విమ్మింగ్ పూల్ పక్కనే స్టేజీ వేసి, సాయంత్రం మొదలుపెట్టి అర్ధరాత్రికల్లా ముగించే పార్టీలు తెచ్చింది. స్పేస్ క్లబ్ 2016లో మూతపడితే మరుసటి ఏడు అదే చోట హై ఇబిజా వచ్చింది, ఒకప్పటి ప్రివిలేజ్ క్లబ్ ఉన్న చోట 2025లో యూనివర్స్ తెరిచారు. ఈ మూడింటినీ నడిపేది ఒకే సంస్థ. పేరున్న డీజే వాయించే రాత్రి టికెట్టుకే చాలాసార్లు 70, 80 యూరోలు అవుతాయి, లోపల నీళ్ల సీసా కూడా ఖరీదే, ఇక వీఐపీ టేబుళ్ల సంగతి అడగొద్దు. జీతం మీద బతికే కుర్రాళ్లు వారంలో ఒక్క రాత్రికి సరిపెట్టుకుని మిగతా రోజులు గదిలో ఉండిపోతుంటే అక్కడి చిన్న బార్లకు గిరాకీ ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పండి.

ప్రశ్న: మరి మందు మీద ఆంక్షల సంగతేంటి?

జవాబు: ఇవి దీవి అంతటికీ కాదు, ముఖ్యంగా శాన్ ఆంటోనియో అనే ఊళ్లో బార్లు ఎక్కువున్న వెస్ట్ ఎండ్ ప్రాంతానికి. 2020లో వచ్చిన ఉత్తర్వుతో హ్యాపీ అవర్లు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్లు, బారు బారూ తిప్పే పబ్ క్రాల్స్ ఆపేశారు. 2024లో ఇంకా బిగించారు. రాత్రి 9.30 నుంచి ఉదయం 8 వరకు అక్కడి షాపుల్లో మద్యం అమ్మకూడదు, వీధిలో తాగుతూ దొరికితే 500 నుంచి 1,500 యూరోల జరిమానా. బాల్కనీల మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలను తలుచుకుంటే ఈ రూల్స్ అవసరమే అంటాను. కానీ చౌకగా తాగేవాడిని పట్టుకోవడం సులువు, కొండమీద విల్లాలో అనుమతి లేకుండా తెల్లవార్లూ పార్టీ నడిపేవాడిని పట్టుకోవడం కష్టం. అక్కడా ఇదే గట్టితనం చూపిస్తేనే న్యాయం.

ప్రశ్న: స్థానికులకు టూరిస్టులంటే అంత కోపం ఎందుకు?

జవాబు: మీమీద కాదు, అద్దెల మీద. జనాభా లక్షన్నర దాటిన దీవికి, పక్కనున్న ఫోర్మెంటేరాతో కలిపి, ఏడాదికి 30 లక్షలకు పైగా టూరిస్టులు వస్తారు. ఇళ్ల యజమానులకు వారం రోజుల అతిథి ఇచ్చేంత డబ్బు ఏడాది పొడుగునా ఉండే టీచరు ఇవ్వలేడు. అందుకే టీచర్లు, నర్సులు, పోలీసులు ఆ పోస్టింగంటేనే వెనకాడుతున్నారు, వేసవి పనికి వచ్చినవాళ్లు వ్యాన్లలో, గుడారాల్లో నిద్రపోతున్నారు. 2024 జూలైలో కాన్ రోవా అనే చోట అలా ఉంటున్న దాదాపు 200 మందిని ఖాళీ చేయించారు, వాళ్లలో చాలామంది ఆ దీవిలోనే పనిచేసేవాళ్లు. మీకు గ్లాసు అందించే మనిషికి తల దాచుకునే చోటు లేదంటే ఆ పరిశ్రమ ఎన్నాళ్లు నిలుస్తుంది? రోడ్లదీ అదే కథ, 2025 వేసవిలో బయటి కార్లకూ అద్దె కార్లకూ కలిపి 20,168 అని పరిమితి పెట్టారు. నన్నడిగితే మంచి పనే చేశారు.

మీరు వెళ్లాలనుకుంటే మేలో గానీ, సీజన్ ముగింపు పార్టీలు జరిగే సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో గానీ వెళ్లండి. మీరు దిగే చోటికి టూరిస్టులను ఉంచుకునే లైసెన్స్ ఉన్నదో లేదో తప్పకుండా చూసుకోండి, ఎవరో ఫ్లాట్ తాళాలు తక్కువకిస్తామంటే ఒప్పుకోకండి. రాత్రి క్లబ్బుల మధ్య డిస్కో బస్సు తిరుగుతుంది, కారు అద్దెకు తీసుకోకపోయినా ఇబ్బందేం ఉండదు. హోటల్ బిల్లులో రాత్రికి ఇంతని మనిషికి టూరిస్టు పన్ను కూడా కలుస్తుంది, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి.