చెక్కను అనుకరించే పెయింటింగ్: మా అమ్మాయి దీన్నే వృత్తిగా ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఇనుప తలుపుల మీద, చవక చెక్క మీద ఓక్‌లా, మహాగనిలా కనిపించేలా రంగు వేసే వుడ్ గ్రెయినింగ్ నేర్చుకుని అందులోనే స్థిరపడతానంటోంది. ఎక్కడ చూసినా ప్రింట్ చేసిన లామినేట్లే కదా, ఈ పనికి ఇంకా రోజులున్నాయా? డిగ్రీ చదివి తలుపులకు రంగులు వేయడమేమిటని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: ముందు మీ రెండో సందేహం సంగతి చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. పికాసోతో కలిసి క్యూబిజం అనే చిత్రకళా శైలికి పునాది వేసిన జార్జ్ బ్రాక్ గురించి మీ అమ్మాయి చదివే ఉంటుంది. ఆయన తండ్రి, తాత ఇళ్లకు రంగులు వేసేవాళ్లు. ఆయన కూడా ఆ పనిలోనే శిక్షణ పొంది 1902లో సర్టిఫికెట్ అందుకున్నాడు. పెయింటర్లు చెక్క చారలు తీసే దువ్వెనను తర్వాత తన కాన్వాసుల మీదికి తెచ్చాడు, పికాసోకూ నేర్పాడు. ఇంగ్లండ్‌కు చెందిన థామస్ కెర్షా అయితే 1851 లండన్ మహా ప్రదర్శనలో, 1855 పారిస్ ప్రదర్శనలో చెక్కనూ పాలరాతినీ అనుకరించిన పలకలకే పతకాలు గెలిచాడు. ఆయన పలకలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి చదువు వృథా అవుతుందన్న బెంగ వద్దు. రంగులు కలపడం, వెలుగునీడలు గమనించడం అనే రెండే ఈ పనికి మూలధనం. అవి ఆ అమ్మాయి దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

అసలు ఆలోచించాల్సింది మీ మొదటి ప్రశ్న గురించి. వంద కొత్త తలుపులు ఒకేలా కావాలంటే ఎవరూ గ్రెయినర్‌ను పిలవరు, ప్రింట్ చేసిన ఫిల్మ్ అంటించేస్తారు. అక్కడ యంత్రంతో పోటీ పడాలనుకుంటే నష్టమే. ఈ చేతిపనికి గిరాకీ ఉన్నది పక్కనున్న దానితో కలిసిపోవాల్సిన చోట. ఉదాహరణకు పెద్ద భవనంలో మంటలను ఆపే తలుపు ఉక్కుతో చేసిందై ఉంటుంది, దాని చుట్టూ గోడంతా అసలు ఓక్ పలకలు ఉంటాయి. లేదా వందేళ్ల కిందట గ్రెయినింగ్ చేసిన గదిలో ఒక పలక చెడిపోతుంది, మిగతా పదకొండూ బాగానే ఉంటాయి. అలాంటి చోట రెడీమేడ్ ఫిల్మ్ నప్పదు. ఆ వెలిసిన రంగు, ఆ చారల నడక, వార్నిష్ పసుపెక్కిన తీరు చూసి చేత్తోనే కలపాలి. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ ఇంట్లో పైన్ పలకల మీద 1797లో మహాగనిలా రంగు వేయించాడు. అలాంటి పాత ఇళ్లను కాపాడుకోవాలంటే ఈ పని తెలిసినవాళ్లు కావాల్సిందే. ఇవికాక సినిమా, నాటకాల సెట్లు, ఫైబర్‌గ్లాస్ తలుపులు ఉండనే ఉన్నాయి.

అందుకే మీ అమ్మాయికి నేను చెప్పేది ఒక్కటే: అందమైన చారలు గీయడం నేర్చుకుని ఆగిపోవద్దు, ఎదురుగా ఉన్న చెక్కకు సరిపోయేలా చేయడం నేర్చుకోమనండి. ఈ రెండూ ఒకటి కావు. వీడియోల్లో రాకర్ అనే రబ్బరు పనిముట్టును తడి గ్లేజ్ (కింది రంగు కనిపించేంత పల్చటి పూత) మీద లాగగానే దీపశిఖల్లాంటి గీతలు వచ్చేస్తాయి, చూసేవాళ్లు ఆశ్చర్యపోతారు. కానీ తలుపు పొడవునా అవే శిఖలు, అదే ముడి, అంతే దూరంలో మళ్లీ మళ్లీ వస్తే అది చెక్క కాదని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

మంచి పనివాళ్లు మొదట చూసేది చెక్కను ఎలా కోశారన్నది. ఓక్ దుంగను ఒక పద్ధతిలో కోస్తే శిఖలు కనిపిస్తాయి. నడిమి నుంచి అంచుకు కోస్తే సన్నటి నిలువు చారలు, వాటికి అడ్డంగా మెరిసే పొలుసుల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. ఆ మెరుపు మచ్చలను రంగుతో గీయరు. ముందు బేస్ కోట్ వేస్తారు. ఆ చెక్కలో అన్నిటికన్నా లేతగా ఉండే రంగే బేస్ కోట్ రంగు, ఓక్‌కైతే లేత గోధుమ, మహాగనికైతే ఎర్ర ఛాయ. అది బాగా ఆరాక పైన పల్చటి ముదురు గ్లేజ్ పూసి, ఉక్కు దువ్వెనతో నిలువునా లాగుతారు. ఆ తడి ఉండగానే బొటనవేలికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, ఒక్కో మచ్చను చిన్న విసురుతో తుడుస్తూ వెళ్తారు. తుడిచిన చోట కింది లేత రంగు బయటపడుతుంది. గట్టిగా అదిమితే మచ్చ కాస్తా మరకవుతుంది, భయపడుతూ తాకితే అసలు కనిపించదు. ఆ విసురు చేతికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అదే పని మీ అమ్మాయికి విసుగనిపిస్తే ఈ వృత్తి వద్దని మొహమాటం లేకుండా చెప్పండి.

ఇంకో పరీక్ష పలకల తలుపు. వడ్రంగి దాన్ని ఎన్ని ముక్కలతో బిగించాడో అన్ని ముక్కలుగానే రంగు వేయాలి. మొదట లోపలి పలకలు, తర్వాత నడిమి నిలువు పట్టీ, ఆపైన అడ్డ పట్టీలు, ఆఖరున అంచుల్లోని నిలువు పట్టీలు. అడ్డ పట్టీలో చారలు అడ్డంగానే పోవాలి, నిలువు పట్టీ దగ్గరికి రాగానే గీత గీసినట్టు తెగాలి. ఆ అతుకు ఒక్కటి చెదిరితే ఎంత చక్కటి చారలైనా దండగే.

ఇక దారి. నేరుగా గ్రెయినింగ్‌తో మొదలుపెట్టొద్దు. ఏడాదిపాటు మంచి పెయింటర్ దగ్గర పుట్టీ, ఎమరీ పేపర్, ప్రైమర్, వార్నిష్ పనులు చేయాలి. బేస్ కోట్‌లో బ్రష్ గీతలుంటే గ్లేజ్ వాటిలో నిలిచి, దువ్వెన పనంతా చెడుతుంది. అవిసె నూనె, టర్పెంటైన్ కలిపిన గ్లేజ్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి మొదట దాని మీదే చేయి తిప్పమనండి. నీటితో చేసే అక్రిలిక్ గ్లేజ్ త్వరగా ఆరిపోతుంది, అది తర్వాత. బడిలోనే నేర్చుకుంటానంటే బ్రస్సెల్స్‌లోని వాన్ డెర్ కెలెన్ 19వ శతాబ్దం నుంచి చెక్క, పాలరాతి అనుకరణలు నేర్పుతోంది. ఖర్చుతో కూడిన సంగతి కాబట్టి, కొన్నాళ్లు పని చేసి ఇష్టం నిలిచాకే ఆ ఆలోచన పెట్టుకోండి.

రాబడి గురించి దాచకుండా చెబుతాను. ఒక్క గ్రెయినింగ్ మీదే నెలనెలా ఇల్లు గడవడం అరుదు. మామూలు పెయింటింగ్, పాలిష్, పాలరాతి అనుకరణ, బంగారు రేకు అతికే పని కూడా చేతిలో ఉంటే ఖాళీ ఉండదు. రేటు చదరపు అడుగుల లెక్కన ఒప్పుకోవద్దు. శాంపిల్ బోర్డు చేసి చూపించి, దాని వెనక యజమాని చేత సంతకం పెట్టించుకుని, తలుపుకింత అని మాట్లాడుకోవాలి. తర్వాత పేచీ వస్తే ఆ బోర్డే సాక్ష్యం.

మీరు తల్లిగా పట్టుబట్టాల్సినవి రెండున్నాయి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదంటే నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయాలి. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా పొడిగా గీకడం, రుద్దడం వద్దు.

డిగ్రీ పరీక్షలయ్యాక ఆరు బోర్డులు చేయమనండి: ఓక్ రెండు కోతల్లో, మహాగని, వాల్‌నట్, టేకు, ఆరోది ఇంట్లో ఉన్న ఏదైనా పాత చెక్కకు సరిపోయేలా. ఆ ఆరో బోర్డును అసలు చెక్క పక్కనే పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి, పాత భవనాల మరమ్మతులు చేసే కాంట్రాక్టర్లకు ముందు అదే పంపమనండి.