నది ఒడ్డున మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన నోట్సు అందాయి. రష్యాలోని కాన్‌స్టాంటినోవో గ్రామ చరిత్ర తెలుగులో రాయాలని కూర్చున్నావని, సమాచారం కుప్పలుగా పోగైనా మొదటి వాక్యం కుదరడం లేదని రాశావు. నోట్సు రెండుసార్లు చదివాను. శ్రద్ధగా చేశావు, సంతోషం. కానీ అందులో కవి సెర్గేయ్ యెసెనిన్ తప్ప ఊరు కనిపించలేదమ్మా. అందుకే వాక్యం కుదరడం లేదని నా అనుమానం.

యెసెనిన్ అక్కడ పుట్టాడు కాబట్టే ఆ ఊరి పేరు మనదాకా వచ్చింది. ఆయన కోసమే 1965లో అక్కడ మ్యూజియం తెరిచారు. అంతవరకూ సరే. కానీ ఆయన పుట్టింది 1895లో. ఊరు కాగితాలకెక్కింది 1619లో. నడుమ 276 ఏళ్ళపాటు అక్కడ మనుషులు దున్నారు, కోశారు, పిల్లల్ని కన్నారు, పన్నులు కట్టారు. వాళ్ళను ఒక పేరాలో దాటేసి కవి దగ్గరికి పరుగెత్తితే అది ఆయన జీవితచరిత్రకు ముందుమాట అవుతుంది కానీ గ్రామ చరిత్ర కాదు. కవిని మధ్యలో ఎక్కడో, ఒక రైతు ఇంటి పిల్లవాడిగా రానివ్వు. అప్పుడే ఆయన కూడా బాగా కనిపిస్తాడు.

మొదలు నది దగ్గర పెట్టు. ర్యాజాన్ నగరానికి వాయవ్యంగా నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఓకా నది కుడిగట్టు మీద ఉంది ఊరు. ఓకా సుమారు 1,500 కిలోమీటర్లు పారి నీజ్నీ నోవ్‌గొరోద్ దగ్గర వోల్గాలో కలుస్తుంది. కుడిగట్టు నిటారుగా, ఎత్తుగా ఉంటుంది. ఇళ్ళన్నీ ఆ గట్టు వెంట బారుగా కట్టుకున్నారు. ఎడమవైపు కనుచూపుమేర చదునైన పచ్చికబయళ్ళు. వాటికి అవతల మెష్చోరా, అంటే అడవులు, చిత్తడి నేలలు, ఇసుక నేలలు. ఊరికి దక్షిణంగా పోయేకొద్దీ నల్లరేగడి మొదలవుతుంది. దాన్ని వాళ్ళు చెర్నోజ్యోమ్ అంటారు. అడవికీ రేగడికీ మధ్య, వరద అందని ఎత్తులో ఉందన్నమాట ఊరు. ఎందుకు అక్కడే వెలిసిందో నువ్వు వివరించక్కర్లేదు. గట్టు మీద నిలబెట్టి చూపిస్తే చదివేవాళ్ళకే అర్థమవుతుంది.

నేను మాస్కోలో చదువుకునే రోజుల్లో మొదటిసారి ఏప్రిల్ నెలలో అక్కడికి వెళ్ళాను. మంచు కరిగి ఓకా పొంగింది. దీన్ని వాళ్ళు పొలోవోద్యె అంటారు. ఎదుటి బయలంతా నీళ్ళు, నీళ్ళలో నడుము దాకా మునిగిన పొదలు. నాకేమో గోదావరి వరద గుర్తొచ్చి భయమేసింది. గట్టు మీద కట్టెలు పేర్చుకుంటున్న ఒక ముసలావిడతో ‘పాపం, ఇంత వరదా’ అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసి, ‘ఇది రాకపోతే గడ్డి ఎక్కడిది?’ అంది. అంతకుముందు గంటసేపు ఊరి చరిత్ర చెప్పమని అడిగితే ‘నాకేం తెలుసు బాబూ’ అన్న మనిషి, ఇప్పుడు చేతికర్ర ఎత్తి బయలు వైపు చూపిస్తూ ఒక్కో ముక్కకు ఒక్కో పేరు చెప్పసాగింది. నీళ్ళ కింద ఉన్న నేల ఆవిడకు పొలం గట్లు గీసిన పటంలా కనిపిస్తోంది. ఎక్కడ తమ ఇంటివాళ్ళు కోసేవారో, ఎక్కడ గడ్డి మెత్తగా ఉంటుందో, ఎక్కడ బండి దిగబడుతుందో అన్నీ చెప్పింది.

అందుకే చెబుతున్నాను, అక్కడి పెద్దవాళ్ళను చరిత్ర అడగకు. గడ్డి ఎక్కడ కోసేవారని అడుగు. బావి ఎవరిది, పడవ ఎక్కడ ఆగేది, చలికాలంలో నది ఎక్కడ దాటేవారు అని అడుగు. వరద ఒండ్రు మీద పెరిగిన గడ్డే అక్కడి పశువులకు చలికాలమంతా ఆధారం. పాత రోజుల్లో ఈ బయళ్ళు ఒక రైతు సొంతం కావు, గ్రామ సమాజానివి. దాన్ని మీర్ అనేవారు. ఏటా చీట్లు వేసి ఇంటింటికీ వంతులు పంచుకునేవారు. జూలైలో పీటర్ పండుగ నాటికి ఊరు ఊరంతా కొడవళ్ళు పట్టుకుని బయల్లోకి దిగేది. ఈ ఒక్క పని చుట్టూ నాలుగు పేజీలు రాసినా నేను ఎక్కువనను.

ఊరి పేరు సంగతి. మనకు పల్లి, పాలెం, పేట ఎలాగో వాళ్ళకు ఓవో, ఇనో అలాగ. కాన్‌స్టాంటినోవో అంటే కాన్‌స్టాంటిన్ అనే వాడి ఊరని అర్థం. ఈ పేరుతో రష్యాలో ఊళ్ళు చాలా ఉన్నాయి కనుక ర్యాజాన్ ఓబ్లాస్త్ (మన రాష్ట్రం లాంటిది), రిబ్నోయె జిల్లా అని మొదట్లోనే స్పష్టంగా రాయి. పాత కాగితాల్లో పక్క జిల్లా ఊరి వివరాలు తెచ్చి ఇందులో కలిపేసిన వాళ్ళను చూశాను. ఇంకో మాట. నువ్వు అన్నిచోట్లా ‘గ్రామం’ అని రాశావు. వాళ్ళకు సెలో వేరు, దెరెవ్న్యా వేరు. చర్చి ఉన్న పెద్ద ఊరు సెలో, లేనిది దెరెవ్న్యా. కాన్‌స్టాంటినోవో సెలో. అక్కడి కజాన్ మాత చర్చిని 1779లో గోలిత్సిన్ ప్రభువు కట్టించాడు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు పెళ్ళికీ బాప్టిజానికీ చావుకీ అక్కడికే వచ్చేవారు. ఈ తేడా పోగొడితే ఊరి పెద్దరికం పోతుంది.

కాగితాల విషయంలో నీకో దారి చెబుతాను. మనకు ఊళ్ళ చరిత్రలు రాసిన మెకంజీ కైఫీయతులు ఉన్నట్టు వాళ్ళకు రెవీజ్‌స్కియె స్కాజ్కీ ఉన్నాయి. తలపన్ను వేయడానికి పీటర్ చక్రవర్తి కాలంలో మొదలుపెట్టి 1858 వరకు పదిసార్లు రాసిన ఇంటింటి జాబితాలవి. ఇంటి పెద్ద, కొడుకులు, వయసులు, గత లెక్క తరవాత ఎవరు పోయారు, ఎవరు సైన్యానికి వెళ్ళారు, అన్నీ ఉంటాయి. 1811 లెక్కలో మాత్రం మగవాళ్ళే ఉంటారు. అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళు లేరనుకోకు. ఆ లోటు చర్చి రిజిస్టర్లతో పూడ్చుకోవాలి. పుట్టుక, పెళ్ళి, చావు అని మూడు భాగాలుగా ఉంటాయవి. అక్షరాలు గజిబిజిగా ఉంటాయి, ఓపిక పట్టు. పది పేజీలు దాటాక పూజారి చేతిరాత అలవాటవుతుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. 1918 జనవరి 31 తరవాతి రోజు అక్కడ ఫిబ్రవరి 14 అయింది. అంతకుముందువన్నీ పాత పంచాంగం. యెసెనిన్ పుట్టినరోజు రిజిస్టర్ ప్రకారం సెప్టెంబర్ 21, ఇప్పటి లెక్కలో అక్టోబర్ 3. నీ నోట్సులో రెండూ రెండుచోట్ల ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే పాటించు.

దొరల జాబితా నువ్వు పూర్తిగా ఇచ్చావు. అంత అక్కర్లేదు. ఒక్కటి మాత్రం తప్పక ఉంచు. 19వ శతాబ్దం చివర ఆ ఊరి దొరల ఎస్టేటు కులకోవ్ చేతికి వచ్చింది. మాస్కోలోని ఖిత్రోవ్కాలో దిక్కులేనివాళ్ళు రాత్రికి తలదాచుకునే ఇళ్ళ యజమాని ఆయన. ఆ ఇళ్ళలో పడుకునేవాళ్ళలో పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఎందరో. ఆ అద్దె డబ్బు తిరిగి ఒక పల్లెను కొన్నది. ఆయన కూతురు లిదియా కాషినా ఆ ఊరి చివరి జమీందారిణి. ఆవిడ మేడ ఇప్పటికీ గట్టు మీద ఉంది. 1861లో రైతులను దొరల భూమికి కట్టేసిన దాస్యం రద్దయింది కానీ రైతులకు దక్కిన భూమి చాలలేదు, దానికి వాయిదాల మీద డబ్బు కట్టాలి కూడా. అందుకే మగవాళ్ళు పట్నం పోయారు. యెసెనిన్ తండ్రి మాస్కోలో మాంసం దుకాణంలో పనిచేశాడు. పిల్లవాడు పక్కనే ఉన్న మాతోవోలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. కవి ఇక్కడ వస్తాడు నీ రచనలోకి, వలస పోయిన రైతు కొడుకుగా.

సోవియట్ కాలాన్ని పొగడడానికో తిట్టడానికో వాడుకోకు. జరిగింది రాయి. 1929 తరవాత కల్ఖోజ్‌లు, అంటే సమష్టి వ్యవసాయ క్షేత్రాలు వచ్చాయి. 1932లో దేశం లోపలే పట్నాల్లో ఉండడానికి కావలసిన పాస్‌పోర్టులు ప్రవేశపెట్టినప్పుడు కల్ఖోజ్ రైతులను పక్కనపెట్టారు. అవి వాళ్ళకు హక్కుగా ఇవ్వాలని నిర్ణయించింది 1974లో. దాదాపు నలభై ఏళ్ళు. ఆ తరవాత పల్లెలు ఖాళీ కావడం ఆగలేదు. రష్యా 2010 జనగణనలో సుమారు 1,53,000 గ్రామీణ ఆవాసాలు లెక్కకు వస్తే, వాటిలో 19,000కు పైగా ఊళ్ళలో ఒక్క మనిషీ లేడు. ఈ అంకె దగ్గర కొంచెం ఆగు. కాన్‌స్టాంటినోవోకు మ్యూజియం ఉంది, బస్సులు వస్తాయి. అలాంటి అదృష్టం లేని ఊరు చుట్టుపక్కల ఒకటైనా చూసి రా. కిటికీల చుట్టూ చెక్కిన చెక్క చట్రాలు, వాటిని నలీచ్నికి అంటారు, తలుపు మూసిన ఇళ్ళకు కూడా అలాగే ఉంటాయి.

ఇక నువ్వు ఫోటో పంపిన ఇల్లు. ‘కవి పుట్టిన ఇల్లు’ అని కింద రాశావు, అది తీసెయ్యి. 1922లో ఊళ్ళో మంటలు చెలరేగి వాళ్ళ ఇల్లు కాలిపోయింది. తరవాత 1930లో మళ్ళీ కట్టుకున్నారు. చెక్క ఇళ్ళ ఊళ్ళో నిప్పు కూడా చరిత్రలో ఒక పాత్రే, దాన్ని దాచకు.

వీలైతే ఏప్రిల్ చివర వెళ్ళు. నీళ్ళు దిగాక బురద మోకాలి దాకా ఉంటుంది, రబ్బరు బూట్లు తప్పనిసరి. నోట్‌బుక్ ఇంట్లో వదిలి మొదటిరోజు ఊరికే గట్టు మీద కూర్చో. మెష్చోరా వైపు సాయంత్రం వెలుగు ఎలా దిగుతుందో చూసిన తరవాత మొదటి పేరా రాసి నాకు పంపు. కంటి ఆపరేషన్ అయినా చదవడానికి ఇబ్బంది లేదు, అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు చాలు.

నీ పెదనాన్న