ఆ పుదీనా మడి నుంచి పిలకలు తీయకండి

ప్రశ్న: అర ఎకరంలో రెండేళ్లుగా పుదీనా వేస్తున్నాను. అంతకు ముందు అదే చేలో బెండ. ఈసారి అక్కడక్కడా మొక్కలు పసుపు తిరిగి గిడసబారాయి. తడి ఉన్నా మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకుంటున్నాయి. తెగులని చెప్పి షాపువాళ్లు కార్బెండజిమ్, మాంకోజెబ్, జింక్ కొట్టించారు. ఇప్పుడు గుళికలు వేయమంటున్నారు. ఈ మడి పిలకలతోనే ఇంకో ఎకరం పెట్టాలి. ఎన్ని కిలోలు కావాలి? విత్తనంతో వేయవచ్చా?
– ఒక రైతు, చేవెళ్ల, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు ఆకు తెగులువి కావు, జింక్ లోపానివీ కావు. వేరుబుడిపె నులిపురుగులని (వేర్లలో చేరి బుడిపెలు కట్టించే, కంటికి కనిపించనంత చిన్న పురుగులు) నా అనుమానం. బెండ వాటికి బాగా ఇష్టమైన పైరు. పసుపు తిరిగిన నాలుగు మొక్కలను మట్టితో సహా తవ్వి, బకెట్ నీళ్లలో జాడించి వేర్లు చూడండి. పూసలు గుచ్చినట్టు ఉబ్బి ఉంటే అవే. బొబ్బర్ల వేర్ల మీది బుడిపెలు గోటితో గీకితే ఊడతాయి, ఇవి ఊడవు.

పిలకలైతే ఎకరానికి 160 కిలోలు పడతాయి. కానీ ఈ మడి పిలకలు పెడితే వేర్లతో పాటు పురుగునూ కొత్త పొలంలో నాటినట్టే. విత్తనం జోలికి వెళ్లకండి, మొక్కలు ఒక్కలా రావు. నూనె కోసం వేసే కోసి లాంటి మెంథా రకాలు కూడా కూర పుదీనాకు పనికిరావు.

నులిపురుగు వేర్లలో, మట్టిలో ఉంటుంది. కొమ్మ చివర్లలో ఉండదు. కాబట్టి పచ్చగా ఉన్న మొక్కల నుంచి, నేలకు తగలని చివర్లను ఉదయం పూట 8–10 సెం.మీ. పొడవున కత్తిరించండి. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు, ఆ కొమ్మ వదిలేయండి. కింది ఆకులు తీసి, రెండు కణుపులు లోపలికి పోయేలా కొత్త కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన 98 గుంటల ప్రోట్రేల్లో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు) గుచ్చి, 50 శాతం షేడ్‌నెట్ కింద పెట్టండి. రెండు వారాల్లో వేర్లు వస్తాయి, 25 రోజులకు నాటొచ్చు. ట్రేలను నేల మీద పెట్టొద్దు, పాత మడి మట్టి ఒక్క గుప్పెడు కూడా కలపొద్దు.

ఎకరం మొత్తం ఒకేసారి వద్దు. బెండ, టమాట, వంగ వేయని చోట నాలుగు గుంటల నేలలో (ఎకరంలో పదో వంతు) 30 సెం.మీ. ఎడంతో తల్లిమడి పెట్టండి. 50 ట్రేలు చాలు. అది అల్లుకున్నాక దాని పిలకలే ఎకరానికి సరిపోతాయి. అప్పుడు వరుసల మధ్య 30, మొక్కల మధ్య 15 సెం.మీ. ఉంచండి. ఆఖరి దుక్కిలో 200 కిలోల వేపపిండి, 100 కిలోల పశువుల ఎరువులో 2 కిలోల పాసిలోమైసిస్ (నులిపురుగును అణిచే మేలు శిలీంద్రం) కలిపి 10 రోజులు నీడలో తడిగా ఉంచింది వేయండి.

ఇక గుళికల సంగతి. షాపులో అమ్మేవాడు మీ వేరు చూశాడా? పీకి చూడకుండా మూడు మందులు అంటగట్టాడు. కార్బోఫ్యూరాన్ గుళికలు వేరు నుంచి ఆకులోకి పాకుతాయి. పుదీనా నెల తిరక్కుండా కోతకొస్తుంది, జనం పచ్చిగా చట్నీ చేసుకు తింటారు. వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే ఆ కోత మార్కెట్‌కు పంపొద్దు, పశువులకూ వేయొద్దు.

పాత అర ఎకరాన్ని దున్ని బంతి పెట్టండి, నీళ్లుంటే ఆ తర్వాత వరి. దున్నే ముందే వేర్ల చుట్టూ 15–20 సెం.మీ. లోతు నుంచి పావుకిలో మట్టి, గుప్పెడు వేర్లు పాలిథిన్ కవర్లో కట్టి, ఎండ తగలకుండా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి పరీక్ష కోసం తీసుకెళ్లండి.