9,500 అప్రెంటిస్‌షిప్పా, 14,000 కాంట్రాక్టు ఉద్యోగమా?

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, ఆటో నడుపుతాను. మావాడు ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. అచ్యుతాపురంలో ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఏడాది అప్రెంటిస్‌గా నెలకు 9,500 ఇస్తానంది. ఇంకోచోట కాంట్రాక్టరు కింద 14,000 జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయి. దేనికి పంపమంటారు? నెలకు 3,000 చీటీ కూడా కట్టాలి.

జవాబు: ముందు లెక్క చూద్దామండి. 14,000లో పీఎఫ్ 1,680, ఈఎస్‌ఐ 105 పోతే చేతికొచ్చేది 12,215, అంటే తేడా 2,715 మాత్రమే కదా అనిపిస్తుంది. కానీ ఆ 1,680 మీవాడి డబ్బే, దానికి యజమాని ఇంకో 12 శాతం కలుపుతాడు, అప్రెంటిస్‌కి ఇవేవీ ఉండవు, ఎందుకంటే 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అతను ట్రైనీయే తప్ప కార్మికుడు కాదు. అన్నీ కలిపితే అసలు తేడా నెలకు 6,000 పైనే, ఏడాదికి దాదాపు 73,000. పని నేర్చుకోవడానికి మీరు కడుతున్న ఫీజు అదన్నమాట. తర్వాత ఆ పనితనానికి నెలకు 3,000 ఎక్కువ జీతం దొరికితే రెండేళ్లలో పూడుతుంది, దొరక్కపోతే పోయినట్టే.

కంపెనీ వైపు నుంచి కూడా చూడండి. పంపులోని ద్రవం బయటికి కారకుండా ఆపే మెకానికల్ సీల్ మార్చడం చూడ్డానికి చిన్న పనే, కానీ సీల్ ముఖం మీద సన్నని గీత పడినా లీకవుతుంది, అందుకని సీనియర్ ఫిట్టర్ తన పని ఆపుకుని పక్కన నిలబడాలి. మొదటి నెలలు నష్టమే. అంతా నేర్చాక కుర్రాడు పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోతే నేర్పినవాడికి ఏం మిగులుతుంది? అందుకే ఆ ఖర్చులో కొంత ముందుగానే మీవాడి మీద వేస్తారు. నిజంగా నేర్పితే అది న్యాయమే.

నేర్పకపోతేనే తంటా. 30 మంది, ఆపైన ఉన్న సంస్థ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి కాబట్టి లెక్క కోసం తీసుకునేవాళ్లూ ఉంటారు. మా మేనమామ కొడుకు ఒకచోట ఏడాదంతా అట్టపెట్టెలకు టేపు వేసి వచ్చాడు, స్పానర్ పట్టుకుంది లేదు.

అందుకే చేరేముందు మీరే వెళ్లి అడగండి. అప్రెంటిస్ ఒప్పందాన్ని ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేస్తారా, ఏ సెక్షన్‌లో వేస్తారు, చివర్లో ట్రేడ్ టెస్ట్ (నేర్చిన పని మీద పెట్టే పరీక్ష) రాయిస్తారా, పోయినసారి బ్యాచ్‌లో ఎంతమందిని ఉంచుకున్నారు? ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. రైల్వే లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో అప్రెంటిస్‌లకు 20 శాతం కోటా ఉందని ఎవరైనా చెబితే నమ్మేయకండి, అది రైల్వేలో ట్రైనింగ్ అయినవాళ్లకే.

ఇంకోటి, 2019 నిబంధనల్లో ఐటీఐ వాళ్లకు కనీస స్టైపెండ్ 7,000 పెట్టారు. కేంద్ర ప్రోత్సాహక పథకంలో ఉన్న కంపెనీ అయితే స్టైపెండ్‌లో 25 శాతం వరకు, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వం నేరుగా కుర్రాడి ఖాతాలో వేస్తుంది. మీకు చెప్పిన 9,500లో ఇది కలిసి ఉందో లేదో తేల్చుకోండి, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు ముందే చేయించండి.

జవాబులు బాగుంటే నేనైతే అప్రెంటిస్‌కే పంపుతాను. చీటీ ఈ ఏడాది మీ ఆటో డబ్బుల్లోంచే కట్టగలగాలి, దానికోసం బంగారం తాకట్టు పెట్టే పరిస్థితి ఉంటే మాత్రం వద్దు. కాంట్రాక్టరునీ ఒకమాట అడగండి. మెయింటెనెన్స్‌లో వేస్తానంటే 14,000 తీసుకుంటూనే పని నేర్చుకోవచ్చు, అప్పుడు నా సలహా మారుతుంది.