అమ్మాయి పేరున లోను, అబ్బాయి చేతిలో వ్యాపారమా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చేసింది. పచ్చళ్లు, పొడుల యూనిట్ పెడతానంటోంది. నేను ఎంబీఏ చేయమంటున్నాను. ఆడవాళ్లకు సబ్సిడీ ఎక్కువట కదా, లోను తన పేరున తీసుకుని మా అబ్బాయి నడిపితే ఎలా ఉంటుంది? రేపు పెళ్లయితే ఆ అప్పు సంగతేంటి?

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ, ఊరి పేరే మారుతుంది. ముందు సబ్సిడీ సంగతి. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎంఈజీపీ. అందులో మహిళలకు పల్లెల్లో యూనిట్ ఖర్చులో 35 శాతం ఇస్తారు. యూనిట్ ఖర్చు 10 లక్షలైతే మీరు 50 వేలు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు లోను. మూడున్నర లక్షల సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాకే లోనుకు జమవుతుంది. అబ్బాయి నడిపి వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు, అంటే అప్పు సరిగా కడతారా అని బ్యాంకులు చూసే మార్కు, పాడయ్యేది అమ్మాయిది. ఆ ఆలోచన మానేయండి.

చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోన్లలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తనఖా అక్కర్లేదు. అయినా అమ్మాయి ఒంటరిగా వెళ్తే 'నాన్నగారిని తీసుకురామ్మా' అనే మేనేజర్లున్నారు. ఎందుకంటే పొలం, ఇల్లు అన్నీ నాన్న పేరునో అన్న పేరునో ఉంటాయి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980లలోనే చట్టం తెచ్చింది. మీ ఇంట్లో అమ్మాయి పేరున ఒక్క సెంటు భూమైనా ఉందా? కోపం తెచ్చుకోకండి, అడగాల్సిన మాటే.

ఎంబీఏకి విద్యా రుణం తీసుకుంటే అదీ అప్పే కదా. దానికి మీరే సంతకం పెడతారు, పెళ్లయ్యాక ఎవరు కడతారని అడగరు. యూనిట్ అనేసరికి ఈ టెన్షన్ ఎందుకు? సంబంధం చూసేటప్పుడే 'అమ్మాయికి యూనిట్ ఉంది, నెలనెలా వాయిదా ఉంది' అని చెప్పేయండి. విని లేచి వెళ్లిపోయేవాళ్లను వెళ్లనివ్వండి.

అమ్మాయికి కూడా ఒక మాట. స్టార్టప్, పిచింగ్ (డబ్బు పెట్టేవాళ్ల ముందు ప్లాన్ చెప్పుకోవడం), ఇన్వెస్టర్ అంటూ తిరగవద్దమ్మా. ఈ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వాటా తీసుకుని డబ్బు పెట్టినవాళ్లు నాలుగేళ్లలో అది పదింతలవ్వాలని చూస్తారు. ఆవకాయ ఆ తొందరకు ఊరదు. పోటీల కోసం స్లైడ్లు తయారు చేస్తూ ఏడాదంతా పోగొట్టుకుని, ఒక్క జాడీ కూడా అమ్మని పిల్లలను చూశాను.

ఎంబీఏతో పోల్చి చెబుదామనే మొదలుపెట్టాను గానీ, మీకు కావాల్సింది ధైర్యమే అనిపిస్తోంది. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించండి, చిన్న పరిశ్రమలను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో ఉచితంగా నమోదు చేయించండి, తన పేరున కరెంట్ అకౌంట్ తెరిపించండి. శిశు లోనుతో మొదలుపెట్టి ఆర్నెల్లు అమ్మకాల డబ్బంతా ఆ ఖాతాలోనే వేయమనండి. పెద్ద లోనుకు వెళ్లినప్పుడు మేనేజరు చూసేది ఆ ఖాతానే. ఆ రోజు మీరూ వెళ్లండి, పక్కన కూర్చోండి. మాట్లాడేది మాత్రం అమ్మాయే.